తాళాల సరదా – తొలి పనిముట్లు

మొజంజాహీ మార్కెట్ దగ్గర కొన్న కప్పతాళం చూపించి, చెవి లేకుండా తాళం తీసే సరదాకు ఏ సెట్టు కొనాలని మిత్రులొకరు అడిగారు.

ముప్ఫై ముక్కల సెట్టుకు పింఛను డబ్బు తగలేయకండి. కొస కాస్త పైకి వంగిన సన్నని ఉక్కు కమ్మీ ఒకటి, 'ఎల్' ఆకారపు కమ్మీలు రెండు మందాల్లో చెరొకటి, అంతే. మొదటిది లోపలి పిన్నులను ఒక్కొక్కటిగా ఎత్తుతుంది. దాని అంచులు నున్నగా ఉండాలి. రెండోది తాళాన్ని తిప్పబోతూ, ఎత్తిన పిన్నులను జారనివ్వదు. దానిమీద చిటికెనవేలి బరువు చాలు.

1861లో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు పొందిన పిన్నుల తరహా తాళాలకే ఇవి. లివరు తాళాలకు పనికిరావు. చెవికి రంపపు పళ్ళున్న తాళం తెచ్చుకోండి.

సాధన సొంత తాళం మీదే, అదీ వాడుకలో లేనిదాని మీదే! వీధి తలుపు తాళంలో పిన్ను పాడైతే రాత్రికి వసారాలోనే పడక. శ్రీమతిగారికి సంజాయిషీ మీరే చెప్పుకోవాలి.