చల్లారిన అగ్నిపర్వతం పంచన

న్యూజిలాండు దేశంలోని ఆక్లండు నగరం నడిమి నుండి దక్షిణంగా ఒక గంట నడచినచో పచ్చగడ్డి కప్పుకొన్న గుట్ట ఒకటి ఎదురవుతుంది. గుట్టకూ, దాని పాదాన ఉన్న పేటకూ మౌంట్ ఈడెన్ అనే పేరు. చెక్క ఇండ్లు, పూలమొక్కలు, కాఫీ దుకాణాలు గల నెమ్మదైన చోటు. ఇండ్లముందరి ప్రహరీలు మాత్రం అనేకం నల్లరాతివి. ఒకప్పుడు ఇక్కడి నేల కరగి పారి గడ్డకట్టిన రాయి అది.

ఈడెన్ అనగానే శ్రోతలకు కలకత్తాలోని ఈడెన్ తోట స్ఫురించవచ్చును. సంబంధం లేకపోలేదు. 1836 నుండి 1842 వరకు మన దేశానికి గవర్నర్ జనరల్‌గా ఉన్న ఆక్లండు ప్రభువు అసలు పేరు జార్జి ఈడెన్. ఆయన బిరుదం నగరానికీ, ఇంటిపేరు గుట్టకూ దక్కినవి. కలకత్తా తోటకు ఆయన చెల్లెండ్ర మూలంగా వచ్చినది. అంతకు పూర్వమే మావోరీలు ఈ గుట్టను మౌంగఫౌ అన్నారు. ఫౌ చెట్ల కొండ అని అర్థం. బెండువలె తేలికయైన ఆ కొయ్యను వారు వలలకు కట్టేవారు.

సుమారు 28,000 ఏండ్ల క్రిందట ఇక్కడ నిప్పు ఎగసినది. ఎగసిన రాతిద్రవం గాలిలోనే గట్టిపడి, కొలిమిలోని ఇనుపచిట్టెం వంటి గుల్లరాయియై, 196 మీటర్ల ఎత్తు గుట్టగా పేరుకొన్నది. ఆక్లండులో ఇటువంటి అగ్నిముఖాలు యాభైకి పైగా ఉన్నవి. ఒకసారి తెరచుకొన్న బిలం సాధారణంగా మరల తెరచుకోదు. అగ్ని వేరొకచోట నేలను చీల్చుకొని వస్తుంది. కనుక ఈ గుట్ట చల్లారినదే గాని, నగరం క్రింది నిప్పు చల్లారినదని చెప్పరాదు. శిఖరం నుండి కనబడే రంగిటోటో దీవి పుట్టి దాదాపు 600 ఏండ్లే అయినది.

గుట్ట పక్కలు మెట్లు మెట్లుగా కనబడతవి. అది ప్రకృతి పని కాదు. ఇనుప పనిముట్లు ఎరుగని కాలంలో మావోరీలు చదును చేసి, దడులు కట్టి, కోటగా మలచుకొన్న ఊరు ఇది. చిలగడదుంపలు దాచిన పాతరల గుంటలు నేటికీ ఉన్నవి. తెల్లవారి నగరం పెరిగినకొద్దీ ఇటువంటి గుట్టలను రోడ్లకూ, రైలుకట్టలకూ త్రవ్వి వాడుకొన్నారు. దాపుననే ఉన్న త్రీ కింగ్స్ అనే మూడు పెద్ద శిఖరాలలో ఒక్కటే మిగిలినది. ఊరు కట్టుకొనుటకు రాయి కావలసినదే. కాని పూర్వుల ఊళ్ళనే కంకరగా కొట్టుట నాకు మింగుడుపడని సంగతి.

2014 నాటి శాసనం మౌంగఫౌతో కూడ పదునాలుగు గుట్టలను మావోరీ తెగలకు తిరిగి యిచ్చినది. తెగల ప్రతినిధులూ, నగరపాలక ప్రతినిధులూ సరిసమానంగా కూర్చుండి వాటి బాగోగులు చూస్తున్నారు. 2016 నుండి శిఖరానికి కార్లు పోనీయరు. నడువలేనివారికి మాత్రం మినహాయింపు కలదు. తక్కినవారు కాలినడకను ఎక్కవలసినదే. పైన చెక్కపలకల బాట ఉన్నది. బాట ప్రక్కనే 50 మీటర్ల లోతు బిలం, గరాటు ఆకారంలో, అడుగుదాక గడ్డితో నిండి ఉంటుంది. మావోరీలకు అది మటాహో అనే దేవత గిన్నె, పవిత్రస్థలం. అందులోనికి దిగరాదు. అంచున నిలిచి చూడవచ్చును. తల యెత్తితే ఇరుదిక్కులా రెండు రేవులూ, నడుమ నగరమూ కనబడతవి.