కొసొవో తొలి యెన్నికలు
(ఒక పఠనాలయ సభయందు చేసిన యుపన్యాసము)

స్వాతంత్ర్యమును ప్రకటించుటకు ఒక్క దినము చాలును. దానిని ప్రజల సొత్తుగా చేయుటకు ఏండ్లు పట్టును. ఈ సంగతిని బాల్కను ప్రాంతమునందలి కొసొవో వృత్తాంతముతో మేము తమకు మనవి చేయదలచితిమి.

కొసొవో చిన్న దేశము. ప్రజలలో అత్యధికులు ఆల్బేనియనులు, సెర్బులు అల్పసంఖ్యాకులు. 1999లో యుద్ధము ముగిసిన పిమ్మట ఆ సీమ ఐక్యరాజ్యసమితి పాలనలోనికి వచ్చెను. 2008 ఫిబ్రవరి 17న అచ్చటి శాసనసభ స్వాతంత్ర్యమును చాటెను. సెర్బియా దాని నంగీకరింపలేదు. మన భారతదేశము సైతము గుర్తింపలేదు. 2010 జూలై 22న మాత్రము అంతర్జాతీయ న్యాయస్థానము ఆ ప్రకటన అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధము కాదని యభిప్రాయ మొసగెను.

ఆ యేటనే డిసెంబరు 12న స్వతంత్ర కొసొవోలో తొలి శాసనసభా యెన్నికలు జరిగెను. అవి గడువునకు ముందే వచ్చుటకు గల కారణము గమనింపదగినది. దేశాధ్యక్షుడగు ఫాత్మీర్ సెయ్దియు తన పక్షపు నాయకత్వమును గూడ నిలుపుకొనుట రాజ్యాంగవిరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆయన సెప్టెంబరులో పదవిని త్యజించెను. పిదప పాలక కూటమి చీలెను. నవంబరు 2న సభ మంత్రివర్గముపై నవిశ్వాసమును ప్రకటించెను. న్యాయస్థానపు మాటకు దేశాధ్యక్షుడే తలవంచుట క్రొత్త రాజ్యమునకు శుభలక్షణము గాదా?

సభయందలి స్థానములు 120. అందు 20 అల్పసంఖ్యాకులకు ప్రత్యేకింపబడినవి. వానిలో 10 సెర్బులవి. ఇబారు నదికి దక్షిణముననున్న సెర్బులు పెక్కండ్రు వోటు వేసిరి. ఉత్తరముననున్నవారు మిక్కిలిగా బహిష్కరించిరి. స్థానములు ప్రత్యేకించినంత మాత్రమున విశ్వాసము కలుగదని దీనివలన తేలుచున్నది.

పోటీచేసిన ప్రధాన పక్షములు రెండు. డెమొక్రాటిక్ లీగు 1989లో పుట్టినది. దాని నాయకుడు ఇబ్రహీం రుగోవా అహింసామార్గమును బోధించెను. ఆ కాలమున ఆల్బేనియనులు తమ యిండ్లలోనే బడులు నడపుకొనిరి. రెండవది హాషిం థాచి నాయకత్వమునందలి డెమొక్రాటిక్ పార్టీ. అది సాయుధ పోరాటమునుండి వచ్చినది. తుది లెక్కలో దీనికి 34 స్థానములు, లీగునకు 27 లభించెను. 'స్వయంనిర్ణయము' అను పేరుగల వెతెవెందోస్యె పక్షము తొలిసారి పోటీచేసి 14 గెలిచెను.

ఇక చింతింపవలసిన విషయము. దేశమంతటను వోటర్లలో సగమునకు తక్కువమందియే వచ్చిరి. సాయుధ పోరాటమునకు పుట్టినిల్లగు ద్రెనిత్సా సీమయందలి స్కెందెరాయిలో మాత్రము నూటికి తొంబదికి పైగా వోట్లు పడినట్లు లెక్కలు చూపిరి! ఫిర్యాదులు వచ్చెను. విచారణానంతరము ఫలితములు రద్దయ్యెను. 2011 జనవరి 9న అయిదు పురపాలక ప్రాంతములలోను, 23న మిత్రొవిత్సాలోను మరల వోటింగు జరిపిరి.

'ఇంటి గుట్టు రచ్చకెక్కించిన శత్రువులు నవ్వరా? మనలను గుర్తింపనివారికి సాకు దొరకదా?' యని కొందరు దేశభక్తులు అడుగవచ్చును. ఈ వాదమును మేమొప్పుకొనజాలము. దొంగవోటు ఎదిరి పక్షమునకు మాత్రమే చేసిన ద్రోహము కాదు. ఎండలో వానలో నిలిచి నిజముగా వోటు వేసిన ప్రతి పౌరుని మాటను అది తుడిచివేయును. దేశమునకై తుపాకి పట్టినవానికి గౌరవము చెల్లును. రెండవ వోటు మాత్రము చెల్లదు. త్యాగము పేర పెట్టెలు నింపినచో, ఎవని స్వేచ్ఛకై త్యాగము చేసిరో వానినే వంచించినట్లగును. తప్పు బయటపడినందువలన గాక, దానిని దాచి యుంచినందువలననే రాజ్యమునకు చేటు వచ్చును.

మరల జరిగిన వోటింగుతో దోషములన్నియు తీరలేదు; థాచి పక్షమే ప్రథమస్థానమున నిలిచి, 2011 ఫిబ్రవరిలో మంత్రివర్గము నేర్పరచెను. అయినను ఫిర్యాదు చేసినచో ఫలితము కొట్టుపడునని ప్రజలకు తెలిసినది. నాడు 14 స్థానములతో మూడవదిగా వచ్చిన వెతెవెందోస్యె 2021 ఫిబ్రవరి యెన్నికలలో సుమారు సగము వోట్లతో 58 స్థానములు గెలిచి యధికారమునకు వచ్చెను. తుపాకి పేలకయే అధికారము చేతులు మారెను.

కావున సోదరులారా, ఏ దేశపు యెన్నికల వార్త చదివినను గెలిచినవాడెవ్వడని మాత్రమే యడిగి పత్రికను మడచివేయకుడు. ఎందరు వచ్చిరి, ఎవరు రాలేదు, ఫిర్యాదును ఎవరు వినిరి, తీర్పునకు ఎవరు తలవంచిరి యని గూడ నడుగుడు. స్వాతంత్ర్యపు బలము ఆ ప్రత్యుత్తరములయందున్నది.