కాంట్రాక్టరు చూసిన సూర్యోదయం



ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామంది ఇక హైదరాబాదో బెంగళూరో వెళ్తారు. ఊరి పేరు చెప్పగానే అక్కడివాళ్ళు "కోనసీమా! సినిమాల్లో చూశాం, అబ్బ, ఎంత బాగుంటుందో" అంటారు. ఆ మాటకి పొంగిపోయేలోపు, సినిమాలో అందం ఏం పని చేస్తుందో కాసేపు మాట్లాడుకుందాం. ఉద్యోగాల గురించి చెప్పడానికి నాకంటే సమర్థులున్నారు.

1967లో బాపు గారు తన తొలి సినిమా 'సాక్షి'ని ఆత్రేయపురం మండలం పులిదిండిలో తీశారు. అప్పట్లో సినిమాలో పల్లెటూరంటే చాలావరకు మద్రాసు స్టూడియోలో వేసిన సెట్టే. నలుపు తెలుపు ఫిల్ము మీద కొబ్బరితోటని పట్టుకోవడం తేలిక కాదు. ఎండ నడినెత్తికి వచ్చిందంటే వెలుగు ఆకుల సందుల్లోంచి మొహం మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఎక్స్‌పోజర్ ఆకాశానికి సరిపెడితే నీడలోని మనిషి నల్లగా మునిగిపోతాడు, మనిషికి సరిపెడితే ఆకాశం తెల్లకాగితమైపోతుంది. అందుకే కెమెరామెన్లు పొద్దుటి ఎండ కోసం, సాయంత్రపు ఎండ కోసం కాచుక్కూర్చుంటారు.

కథ మీకు తెలియకపోవచ్చు. కృష్ణ గారు వేసిన కిష్టప్ప బల్లకట్టు నడుపుకునే అమాయకుడు. లారీ డ్రైవరు ఫకీరు హత్య చేస్తుంటే చూస్తాడు, కోర్టులో ఉన్నదున్నట్టు సాక్ష్యం చెప్తాడు. ఫకీరు పగబట్టి తిరిగొస్తే ఊరు కిష్టప్పకి తోడు నిలవదు. అదే ఏరు, అవే చెట్లు, అవే వీధులు. అంత అందమైన ఊరూ ఆ ఒక్కడినీ వదిలేసింది. ఇంకొకరైతే భయం చూపించడానికి చీకటి గదులు వెతుక్కునేవారు. బాపు గారు పట్టపగటి వెలుగులో, మనం రోజూ నడిచే దారిలో చూపించారు. నాకు ఆ సినిమా మీద గౌరవం అందుకే.

ఎనిమిదేళ్ళకి, 1975లో, బాపు గారిదే 'ముత్యాల ముగ్గు' వచ్చింది. కెమెరా ఇషాన్ ఆర్యది. 'గరమ్ హవా' తీసింది కూడా ఆయన కెమెరాయే. 'ముత్యాల ముగ్గు' ఛాయాగ్రహణానికి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. అదే ఏడాది విడుదలైన 'బ్యారీ లిండన్' కోసం స్టాన్లీ కుబ్రిక్, నాసా వాళ్ళకని జైస్ కంపెనీ చేసిన లెన్సు తెప్పించి, కొవ్వొత్తుల వెలుగులో దృశ్యాలు తీశాడు. పుస్తకాల్లో ఆ లెన్సు గురించి పేజీలకి పేజీలున్నాయి. మన సినిమాకి అంత హంగు లేదు. ఉన్నది బొమ్మలు గీసిన చెయ్యి. బాపు గారు షాట్లు ముందే కాగితం మీద గీసుకునేవారు, మనిషిని ఫ్రేములో ఏ మూల నిలబెట్టాలో అక్కడే తేలిపోయేది.

ఆ సినిమాలో అందం గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఎవరో గుర్తుందా? రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరు. తెల్లవారుజామున ఎర్రబడ్డ ఆకాశాన్ని చూసి మురిసిపోతాడు, ఆ ఎరుపులో అతనికి హత్యే కనిపిస్తుంది, మనిషన్నాక కాస్త కళాభిరుచి ఉండాలని పక్కవాళ్ళకి బోధిస్తాడు. ఆ డైలాగు మీ అందరికీ నోటికి వచ్చు, నేను చెప్తే పాడవుతుంది. ముళ్ళపూడి వెంకటరమణ గారు రాసిన ఆ మాటలకి యాభై ఏళ్ళుగా నవ్వుతున్నాం. కానీ చూడండి, తెలుగులో కంటికి అంత ఇంపైన సినిమా తీసినవాళ్ళే సౌందర్యారాధన అంతా తీసుకెళ్ళి దుర్మార్గుడి నోట్లో పెట్టారు. సూర్యోదయాన్ని మెచ్చుకోవడానికి మంచివాడై ఉండనక్కర్లేదని వాళ్ళకి బాగా తెలుసు.

ఇప్పుడు మన మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. దిండి రిసార్టుల దగ్గర పెళ్ళికి ముందు ఫొటోషూట్లు, కాలవల మీద పాటలు. పైనుంచి చూస్తే పచ్చటి తివాచీ. ఆ ఎత్తులో కొబ్బరి దింపు కార్మికుడు కనిపించడు, అతను ఎక్కే చెట్టే కనిపిస్తుంది. 1996 నవంబరు తుఫానుకి ఈ తోటలు ఎలా నేలకొరిగాయో మీ నాన్నగారి తరం కళ్ళారా చూసింది. చెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్న తోట కనిపిస్తే, ఎప్పుడు నాటారో అడిగి చూడండి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. మంట ఎన్నో మైళ్ళకి కనబడేది. కోనసీమలో అంతకు మించి కళ్ళు చెదిరే దృశ్యం ఇంకోటి ఉండదేమో, ఏ పాటలోనూ పెట్టుకోరు మరి.

ఒక్కటి అడుగుతాను, ఇది ఉపదేశం కాదు, పని. పులిదిండికి రావులపాలెం మీదుగా వెళ్ళొచ్చు. 'సాక్షి' తీసినప్పుడు గుంపులో నిలబడి చూసిన పిల్లలు ఇప్పుడు డెబ్బై అటూ ఇటూ ఉంటారు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. షూటింగు ఎక్కడ జరిగింది, అప్పటి రేవు ఎలా ఉండేది, బల్లకట్టు ఎవరు నడిపేవారు, తెర మీద ఊరిని చూసి ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నారు, అడిగి వాళ్ళ గొంతులోనే రికార్డు చేయండి. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు ఎలాగూ కొనుక్కుంటారు. మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, భోంచేసి కునుకు తీసే వేళ, తిట్టి పంపిస్తారు.