చొప్ప ఎవరికి మిగులు?



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసమో ఆ పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేనాయన్ని ఎన్నడూ పేరుతో పిలిచింది లేదు, మామా అనే పిలిచాను. ఇవాళ కొత్తగా పేరు పెట్టి పొగడమంటే నోరు తిరగడం లేదు. ఆయన దానధర్మాలు, మార్కండేయ గుడికి చేసిన సేవ కార్యదర్శిగారు చదివారు. నాకు గుర్తున్నది వేరు. ఈ షోలాపూర్‌లోనే, సాఖర్‌పేటలో ఆయన అద్దకం కార్ఖానాలో, బడి వదిలాక నేను కట్టెల లెక్క రాసేవాణ్ణి. అడితి నుంచి బండి రాగానే ఆయన ఒక పుల్ల విరిచి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తుమ్మా, వేపా, చింతా అన్నది కళ్ళు మూసుకుని చెప్పేవాడు. పచ్చికట్టె అయితే తరుగు తీయాల్సిందే. ఒకసారి ఆ తరుగు రాయడం మరిచాను. నా వారం కూలీలోంచి కోసేశాడు. యాభై ఏళ్ళు దాటింది, ఆ కోపం పూర్తిగా చల్లారలేదు. అయితే కట్టెలో నీరెంతో చూడకుండా మంట గురించి మాట్లాడకూడదని నేర్పింది ఆ కోతే. ఆయనకు నా శ్రద్ధాంజలి ఇంతే.

ఈ సభ పెట్టిన ట్రస్టువారు సంక్రాంతి తరవాత ‘సుస్థిర జీవ ఇంధనాల ఉత్పత్తి’ మీద చర్చాగోష్ఠి పెడుతున్నారు. ముసాయిదా నాకు పంపి సలహా అడిగారు. ఈ ఉపన్యాసానికేమో ఏ విషయమైనా తీసుకోమన్నారు. రెండూ ఒకేచోట కానిచ్చేస్తున్నాను. మర్యాద కాదని తెలుసు.

ముసాయిదాలో వేదిక మీద అయిదు కుర్చీలు. చక్కెర మిల్లు, ఆయిల్ కంపెనీ, ఇంజనీరింగ్ కాలేజీ, బ్యాంకు, ఒక వ్యవసాయ శాస్త్రవేత్త. శీర్షిక ‘వ్యర్థం నుంచి సంపద’. కుర్చీల సంగతి తరవాత. నా తగాదా శీర్షికలో మొదటి మాటతో. ఇది నిన్నటిది కాదు, ఇరవై ఏళ్ళ నాటిది.

పెట్రోలులో ఇథనాల్ ఎందుకు కలుపుతారు, 20 శాతానికి 2018 విధానం పెట్టిన 2030 గడువును 2022లో 2025-26కు ఎందుకు లాగారు, పాత బండ్ల మైలేజీ ఏమవుతుంది, ఇవన్నీ పేపర్లో చదివినవే. చెరకు గురించీ, ఉజని డ్యామ్ నీళ్ళ గురించీ షోలాపూర్‌లో కూర్చుని నేను మీకు చెప్పాలా? చక్కెర దారిలో ఒక లీటరు ఇథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీళ్ళని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. దాటేద్దాం.

నా తగాదా మొదలైంది 2003లో. ఆ ఏడు ప్రణాళికా సంఘం కమిటీ జత్రోఫా, అంటే అడవి ఆముదం, 1.34 కోట్ల హెక్టార్లలో పండించవచ్చంది. అంత నేల ఎక్కడిదంటే, అధిక భాగం బంజరు, ఉత్తినే పడి ఉన్నదన్నారు. అప్పుడే అడిగాను: మేకలు మేసే చోటు, పుల్లలు ఏరుకునే చోటు ఉత్తిది ఎలా అవుతుందని. బంజరంటే పంట లేనిదని కాదు, పట్టా లేనిదని అర్థం. నీళ్ళు లేనిచోట ఆ మొక్క బతికింది గానీ, చెప్పినంత కాయ కాయలేదు. దశాబ్దం తిరక్కుండానే ఆ మాట ఎత్తేవాళ్ళు లేకపోయారు. ఆ 2003లోనే అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు తమకు తెలిసిన కానుగనే నమ్ముకున్నారు. 147 టన్నుల కార్బన్‌డయాక్సైడ్ ఆదా లెక్కన ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. సొమ్ము చిన్నదే. కానీ ఆ చెట్టు ఎవరిది, గింజ ఎవరు ఏరతారు అన్నది అక్కడ ఎవరూ కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకపోయింది.

బంజరు పోయింది, దాని కుర్చీలో వ్యర్థం కూర్చుంది. 2018 విధాన పత్రం దేశంలో ఏటా 12 నుంచి 16 కోట్ల టన్నుల జీవపదార్థం మిగులుతోందనీ, దాన్నుంచి 3,000 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయవచ్చనీ చెబుతుంది. ఎవరు తినగా మిగులు? ఏ సంవత్సరం మిగులు?

జొన్న చొప్పనే తీసుకుందాం. మరాఠీవాళ్ళు కడబా అంటారు, మంగళవేఢ దారిలో కుప్పలు మీరు చూసినవే. మన జిల్లా మోహోళ్‌లోనే మాల్దండి జొన్న నుంచి ఎం 35-1 రకాన్ని ఎంచి 1930లలో విడుదల చేశారు. దాని తరవాత ఎన్నో రకాలు, సంకరాలు వచ్చాయి. గింజ ఎక్కువిచ్చేవీ వచ్చాయి. అయినా రబీలో రైతు మాల్దండిని వదల్లేదు. మూర్ఖుడని కాదు. రొట్టె రుచి ఒక కారణం, చొప్ప రెండోది. చేను కోసేటప్పుడు అతని కన్ను కంకి మీద ఎంతో కాడ మీదా అంతే.

ఇది నా మాట కాదు. 2006లో బ్లూమెల్, పార్థసారథిరావు హైదరాబాద్ చొప్ప వ్యాపారులను నెలనెలా గమనించి రాసిన వ్యాసం ఉంది. అరుగుదల 47 శాతం ఉన్న చొప్పకూ 52 శాతం ఉన్న చొప్పకూ ధరలో పావువంతు తేడా వచ్చింది. వ్యాపారి చేతిలో ప్రయోగశాల లేదు. కాడ విరిచి, రంగు చూసి, కొరికి చెప్పేస్తాడు, మామ కట్టె చూసినట్టే. తరగతులు కట్టి, పేర్లు పెట్టి, రోజూ బేరమాడే సరుకును పట్టుకుని వ్యర్థమనడం ఏ శాస్త్రం?

ఇంజనీరింగ్ కాలేజీ మిత్రుడొకాయన నాకు జవాబిచ్చాడు: ‘పశువుల మేత తీసేశాకే మిగులు లెక్క కడతారు గురువుగారూ.’ నిజమే, సగటు మీద కడతారు. పశువు సగటున తినదు, రోజూ తింటుంది. 1972 కరువు చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, ఆ ఏడు మిగులెంతో వాళ్ళని అడగండి. అంత దూరం వద్దు. 2023లో వాన తప్పింది. ఉజని మృతనిల్వలోకి దిగిపోయింది. ఆ డిసెంబరు 7న కేంద్రమే చెరకు రసంతో ఇథనాల్ తీయడం ఆపమంది. వారం తిరిగేసరికి, 17 లక్షల టన్నుల చక్కెర మేరకు మళ్ళించుకోమని సడలించింది. రాజ్యానికే ఒక్క వానాకాలంలో మిగులు కరువైతే, ఒక్క బర్రె ఉన్న ఆడమనిషికి ఏం మిగులుతుంది?

రెండో జవాబు: ధర పెరిగితే రైతుకే కదా లాభం? కుప్ప ఉన్న రైతుకు లాభమే. కొనేవాళ్ళ మాటేమిటి? మన పేటల్లో బీడీలు చుట్టుకుంటూ ఒక పాడి పశువు పెట్టుకున్న ఇళ్ళన్నీ కొనేవే.

మూడో జవాబు గట్టిది, ఒప్పుకుంటాను. పంజాబ్, హర్యానాల్లో వరిగడ్డి పొలంలోనే తగలబెడుతున్నారు. 2022లో పానిపట్టులో మొదలైన కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలన్నది ఉద్దేశం. అక్కడ అది న్యాయం, ఎందుకంటే అక్కడ ఆ గడ్డిని మేతకు కొనేవాళ్ళు తక్కువ. వరిగడ్డికి రాసిన మందుచీటీ పట్టుకొచ్చి జొన్నచొప్పకు మందు వేయొద్దంటున్నాను. అంతే.

చెరకు పిప్పి సంగతీ ఇదే. సిద్ధేశ్వర్ చక్కెర మిల్లు విద్యుత్ విభాగం చిమ్నీని 2023 జూన్ 15న విమానాలకు అడ్డమని కూల్చారు. మేడలెక్కి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పొగగొట్టం కింద మండింది పిప్పే, అదీ జీవ ఇంధనమే. ఇప్పుడు ఆ పిప్పినే ఇథనాల్‌కూ అడుగుతున్నారు. ఒక్క కట్టను ఇద్దరికి అమ్మినట్టుంది.

ఇక కుర్చీలు. జీవ ఇంధనం షోలాపూర్‌కు పెట్రోలు బంకు దారిన రాలేదు. చాదరు దారానికి రంగెక్కించే బాయిలరు, పడుగుకు గంజి పెట్టే సైజింగ్ బాయిలరు ఈ పేటల్లో కట్టె మీదే బతికాయి. ఇప్పటికీ చాలావరకు కట్టె, వేరుశెనగ పొట్టు దిమ్మెల మీదే నడుస్తున్నాయి. సర్కారు తుమ్మ లేకపోతే మన టవలుకు ఎరుపు లేదు. అందుకని బ్యాంకు కుర్చీ తీసేయండి. ఆ చోట బాయిలరు ముందు నిలబడే మనిషిని కూర్చోబెట్టండి, ఆ రోజు కూలీ ట్రస్టు ఇవ్వాలి. రెండో కుర్చీ కట్టెల అడితివాడికి. మూడోది మంగళవేఢ చొప్ప వ్యాపారికి, మరాఠీలో మాట్లాడనివ్వండి, మనకందరికీ వచ్చు. నారాయణపేట జిల్లా చిత్తనూరు నుంచి ఒకరిని పిలవండి. ఇథనాల్ ఫ్యాక్టరీ పక్కన గాలీ నీళ్ళూ ఎలా ఉంటాయో వాళ్ళు చెబుతారు. మన ముత్తాతలు వలస వచ్చిన పాలమూరే అది. మిల్లువారూ ఆయిలువారూ రావాలి, అయితే మొదట వినాలి, తరవాత మాట్లాడాలి. ఒక్కొక్కరికి పావుగంట. శాలువాలు చివర్న. నన్ను అధ్యక్షుడిగా వేశారు, కొట్టేయండి. నేను కింద కూర్చుని రాసుకుంటాను, నాకు అదే అవసరం.

ఎందుకవసరమో చెప్పి ముగిస్తాను. మూడేళ్ళుగా ఈ పేటల అద్దకం కార్ఖానాల కట్టెల పద్దులు పోగుచేస్తున్నాను. ఏ సంవత్సరం ఏ కట్టె, ఏ ఊరు నుంచి, మణుగు ఎంతకు, తరుగెంత. ఇప్పటికి పదకొండు పుస్తకాలు దొరికాయి. వాటిలో తుమ్మ పోయి సర్కారు తుమ్మ ఎప్పుడొచ్చిందో తేదీతో సహా కనబడుతోంది. మిగులు ఎంతో ఢిల్లీ లెక్క కట్టకముందే మన గుమస్తాలు రాసిపెట్టారు. మామ కార్ఖానా పుస్తకాలు మాత్రం ఇంకా దొరకలేదు. వారి అబ్బాయిలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను, అటక మీద ఒకసారి చూడండి. నా కూలీ కోసిన పేజీ ఉంటే చింపనని మాటిస్తున్నాను. మిగతావారూ తెండి. చెదలు తిన్నవైనా సరే, పాత మరాఠీ మోడిలిపిలో ఉన్నా సరే. మోడి చదివిపెట్టే పెద్దాయన ఒక్కరే ఉన్నారు నాకు, తొంభై దాటింది. ఉదయం పదింటి నుంచి పన్నెండు దాకా ఆయనకు చూపు బాగుంటుంది. ఆ వేళకు వస్తే మీ ముందే చదివిస్తాను.