మనస్సాక్షికి సుంకము

(అమీర్‌పేటలో యువజన కూటమి యెదుట చేసిన ప్రసంగము)



ఈ శతవత్సరోత్సవ సమయమున మన పితరులు కట్టిన దేవాలయములను, బడులను, ఆసుపత్రులను జ్ఞాపకము చేసికొనుట తగినదే. అయితే ఈ సాయంత్రము మేము కట్టడములను గూర్చి గాక, ఒక రిజిస్టరును గూర్చి మాట్లాడదలచినాము.

మన సంఘము అమీర్‌పేటకు, పంజగుట్టకు మధ్య ఉన్నది. మైత్రీవనము చుట్టుప్రక్కల కోచింగ్ సెంటర్లలో చదువుకొనుటకు జిల్లాల నుండి వచ్చి, హాస్టళ్లలో ఉంటున్న బిడ్డలు ఆదివారము వెనుక బల్లల మీద కూర్చుంటారు. వారిలో ఒకడు కొంతకాలము క్రిందట మా యొద్దకు వచ్చి బాప్తిస్మము కోరినాడు. వాక్యము శ్రద్ధగా నేర్చుకొన్నాడు. చివరకు తలవంచుకొని, "అయ్యగారూ, బాప్తిస్మము ఇవ్వండి. రిజిస్టరులో మాత్రము నా పేరు వ్రాయకండి" అన్నాడు. అతడు ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. అతని చేతిలో ఎస్.సి. సర్టిఫికెట్టు ఉన్నది. ఊరిలో తల్లి కూలికి వెళ్తున్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సంఘమునకు, రాజ్యమునకు గల సంబంధమును గూర్చి వేదాంత కళాశాలలో చదివిన పుస్తకములేవియు ఆ బిడ్డకు జవాబు చెప్పలేకపోయినవి.

ప్రజాస్వామ్యమనగా ఓట్లు లెక్కపెట్టుట మాత్రమే కాదు. ఎంతమంది ఒక వైపు చేయి ఎత్తినను, ఒక్కని మనస్సాక్షి మీద ఆ చేయి పడరాదని గీసిన గీత కూడ అందులో ఉన్నది. బలవంతపు విశ్వాసము విశ్వాసము కాదని మనమును బోధిస్తాము. కనుక ఈ గీత మనకు పరాయిది కాదు. రాజ్యాంగము 25వ అధికరణములో మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు అందరికి హక్కు ఇచ్చినది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో 'ప్రచారము' అను మాట మీద వాదము వచ్చినప్పుడు, దానిని సమర్థించినవారిలో క్రైస్తవుడు కాని టి.టి. కృష్ణమాచారి ఒకరు. మన స్వేచ్ఛను మనము ఒంటరిగా సంపాదించుకొనలేదు.

మన పెద్దలు కూడ ప్రత్యేక ఉపకారము కోరుకొనలేదు. 1932లో కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినప్పుడు దోర్నకల్ బిషప్ అజరయ్య దానిని వ్యతిరేకించారు. సంఘము ఓట్ల కొరకు గిరి గీసుకొన్న మరియొక కులము కారాదని ఆయన తలంపు. 1949 మే నెలలో మతపరమైన అల్పసంఖ్యాకులకు చట్టసభలలో రిజర్వు స్థానములు మానుకొనుటకు రాజ్యాంగ సభ అంగీకరించినది. ఆ సభ ఉపాధ్యక్షులు హెచ్.సి. ముఖర్జీ క్రైస్తవులే.

మరుసటి సంవత్సరమే, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినది. హిందువులు కానివారు షెడ్యూల్డు కులములవారు కారని దాని మూడవ పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులు, ముస్లిములు వెలుపలనే ఉన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రములలో క్రైస్తవులైన దళితులకు బి.సి.-సి క్రింద ఉన్నది ఒక్క శాతము. ఒక చేతితో మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చి, రెండవ చేతితో దాని మీద సుంకము వసూలు చేసినట్లున్నది.

"క్రీస్తునందు కులము లేదని చెప్పే మీరు కులము పేరిట ఎందుకు అడుగుతారు?" అని కొందరు మిత్రులు అంటారు. న్యాయమైన ప్రశ్నయే. బాప్తిస్మము పొందినంత మాత్రాన దళితవాడ ఊరి నడుమకు జరగదు. అవమానించువాడు సంఘ రిజిస్టరు చూచి అవమానించడు. మద్రాసులో దారి ప్రక్కన చెప్పులు కుట్టుకొను సూసై అను క్రైస్తవుడు ఈ న్యాయము కొరకే సుప్రీంకోర్టుకు వెళ్లినాడు. మతము మారిన తరువాత కూడ ఆ అణచివేత అంత తీవ్రముగా ఉన్నదని రుజువు చూపలేదని 1985లో కోర్టు అతని కోరిక త్రోసిపుచ్చినది.

సహోదరులారా, ఆ రుజువు ఎక్కడ దొరుకునో మనకు తెలియును. మన వివాహ సంబంధములలో దొరుకును. మన సమాధి తోటలలో దొరుకును. పాస్టరేట్ కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు, "వీరు ఏ వాళ్లు?" అని మనము గుసగుసలాడు మాటలో దొరుకును. కోర్టులో మనకు అక్కరకు వచ్చు సాక్ష్యము, దేవుని యెదుట మన మీద నేరారోపణ అగుచున్నది. వెలుపల సమానత్వము అడుగువారు లోపల దానిని ఆచరింపవలెను.

అప్పుడు అడుగుదము. కొరడాలతో కొట్టుటకు వారులతో కట్టినప్పుడు పౌలు తాను రోమా పౌరుడనని చెప్పినాడు. అది అవిశ్వాసము కాదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మూడవ పేరాను తీసివేయవలెనని సిఫారసు చేసినది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా కోరుతూ తీర్మానము చేసినది. మనము పౌరులముగా అడుగుదము, ఓట్ల మూటగా కాదు. ఎన్నికలప్పుడు అభ్యర్థులు ప్రార్థన చేయించుకొనుటకు వస్తారు. వారి కొరకు ప్రార్థిస్తాము. ఎవరికి ఓటు వేయవలెనో మాత్రము ఈ బలిపీఠము నుండి చెప్పము. మతము పేరిట ఓటు అడుగుట తప్పని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పుటకు ముందే అజరయ్యగారు మనకు ఆ మార్గము చూపినారు.

ఆ బిడ్డకు ఏమి చెప్పినామని మీరు అడుగుతారు. "బాబూ, పేరు దాచి బాప్తిస్మము ఇవ్వలేము. నిన్ను తొందరపెట్టము కూడ. నీ మనస్సాక్షి మా సొత్తు కాదు" అన్నాము. సరిగా చెప్పినామో లేదో ఇప్పటికిని మాకు నిశ్చయము లేదు. అతడు ఇప్పటికిని ఆదివారము వస్తున్నాడు, వెనుక బల్ల మీదనే కూర్చుంటున్నాడు. అతని పేరు భయము లేకుండ వ్రాయగల దినము కొరకు ప్రార్థింతము, పాటుపడుదము. ఆ పని మన కమిటీ ఎన్నికలతోనే మొదలు పెట్టుదము.

ప్రభువు కృప మీకందరికి తోడై యుండును గాక. ఆమేన్.