అసద్ గేటు చెప్పే పాఠం



1969 జనవరి 20న, నాటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో, అయూబ్ ఖాన్ నిరంకుశత్వాన్ని ధిక్కరించిన విద్యార్థుల ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థి నాయకుడు అసదుజ్జమాన్ నేలకొరిగాడు. నెత్తురంటిన ఆయన చొక్కాయే జెండా అయింది. మహమ్మద్‌పూర్‌లోని అయూబ్ గేటును ప్రజలే అసద్ గేటుగా మార్చారు. మార్చి 25న అయూబ్ గద్దె దిగాడు. అధికారం మాత్రం మరో సైన్యాధిపతి యాహ్యా ఖాన్ చేతికే పోయింది. ఉద్యమం ఆగలేదు.

ఆ పాలకుడూ ముస్లిమే, ఆ విద్యార్థీ ముస్లిమే. అందుకే మేము పదేపదే విన్నవిస్తున్నాము: మనవాడు చేసిన అన్యాయానికి మౌనం వహిస్తే, మనకు జరిగే అన్యాయాన్ని ప్రశ్నించే నైతిక బలాన్ని కోల్పోతాము. న్యాయం పక్షాన నిలవడమే అసద్‌కు మనమర్పించగల నివాళి.