వేసిన రోడ్డుకే మళ్లీ గునపం

హైదరాబాద్ కాలనీల్లో కొత్త తారు ఆరకముందే జేసీబీ దిగడం మనకు కొత్త కాదు. మొదట మంచినీటి పైపు, ఆపైన డ్రైనేజీ, చివర్లో ఇంటర్నెట్ కేబుల్. ఒకరు పూడ్చింది మరొకరు తవ్వుతారు. ముందు చెప్పరు, దారి మళ్లింపు బోర్డూ పెట్టరు. స్కూలు బస్సు సందులోకి వచ్చాక వెనక్కి తిరగలేక ఆగిపోతుంది.

అసలు చిక్కంతా పూడ్చడంలో ఉంది. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టాలి. మనవాళ్లు అంతా ఒకేసారి నెట్టేసి, పైన కాస్త కంకర చల్లి వెళ్లిపోతారు. తొలకరికే అది కుంగుతుంది. నీళ్లు నిలిస్తే గుంత కనబడదు, బైకు చక్రం దిగబడ్డాకే తెలుస్తుంది.

తవ్వేముందు భూమిలో ఏ పైపు, ఏ కేబుల్ ఉన్నాయో సంబంధిత సంస్థలను సంప్రదించి తెలుసుకోవడానికి కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. మంచిదే. కానీ రోడ్డు వేయకముందే శాఖలన్నీ కూర్చుని ఎవరు ముందో, ఎవరు తర్వాతో తేల్చుకోవడం యాప్ చేసిపెట్టే పని కాదు కదా! మీ వీధిలో పని మొదలైతే, ముగింపు తేదీ, కాంట్రాక్టరు నంబరుతో బోర్డు పెట్టమని ఇంజినీరును అడగండి. పూడ్చేటప్పుడు దిమ్మిస తెచ్చారో లేదో కూడా చూడండి.